రబ్బరుకు ఏ నూనె పడుతుంది?

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? లేకపోతే పక్కింట్లో అయినా ఉంటుంది. ఈసారి అది ఆగి ఉన్నప్పుడు దాని పక్కన కూర్చుని ఒక పని చేయండి. దానిలో రబ్బరు ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టండి. టైర్లు, ట్యూబులు, చేతిపిడుల తొడుగులు, కాళ్ళు పెట్టుకునే చోట ఉన్న రబ్బర్లు - ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అంతటితో లెక్క పూర్తయిందనుకోకండి. అసలైన రబ్బరు కంటికి కనబడకుండా లోపల దాగి ఉంది.

ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలను ఫోర్కు అంటారు గదా! గతుకులలో కుదుపు తెలియకుండా ఉండేందుకు వాటిలో స్ప్రింగులతోపాటు నూనె కూడా ఉంటుంది. ఆ నూనె బయటకు కారకుండా గొట్టం మూతి దగ్గర ఒక రబ్బరు కట్టు ఉంటుంది. ఇంజను లోపలి నుంచి బయటకు వచ్చే ప్రతి ఇరుసు చుట్టూ అటువంటి కట్టే మరొకటి ఉంటుంది. డిస్కు బ్రేకు ఉన్న బండి అయితే బ్రేకు లోపల ఇంకొన్ని. వీటిని మన మెకానిక్కులు 'సీళ్ళు' అంటారు. సన్నగా, గుండ్రంగా గాజులాగా ఉండేవాటిని 'ఓ రింగులు' అంటారు.

సీలు చేసే పని చూడటానికి చిన్నది. లోపలి ద్రవాన్ని బయటకు పోనివ్వకూడదు. బయటి దుమ్మును లోపలికి రానివ్వకూడదు. కాని తన మధ్యలో నుంచి కదిలే ఇనుప కడ్డీని మాత్రం హాయిగా కదలనివ్వాలి. గట్టిగా పట్టుకోవాలి, కాని అడ్డుపడకూడదు! ఈ రెండూ ఒక్కసారే చేయడానికి రబ్బరు చక్కగా సరిపోతుంది. అయితే పొడి రబ్బరు ఇనుము మీద జారదు, రాసుకుని అరిగిపోతుంది. అందుకని సీలు అమర్చేటప్పుడు దానికి ఏదో ఒక కందెన పూయాలి.

ఆ 'ఏదో ఒక' అన్న మాట దగ్గరే వస్తుంది చిక్కు. మన వర్క్‌షాపులలో చేతికి ఏ నూనె దొరికితే అది, ఏ గ్రీజు దొరికితే అది రబ్బరుకు పూసే అలవాటు ఉంది. ఇది ప్రమాదకరమైన అలవాటని నా అభిప్రాయం. దీన్ని మాన్పించవలసిన బాధ్యత మెకానిక్కుల కంటే బడులలో రసాయనశాస్త్రం చెప్పే మావంటి ఉపాధ్యాయుల మీద, నేర్చుకునే మీ మీద ఎక్కువగా ఉందని కూడా నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఇరుసు కాలం నాటి అలవాటు

'కందెన' చాలా పాత మాట. ఎడ్లబండి ఇరుసుకు పూసే నల్లటి ముద్దను కందెన అంటారు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి దాన్ని తయారు చేసేవారు. బండి కింద వేలాడే కందెన గొట్టాన్ని మీ తాతగార్లు చూసే ఉంటారు. ఆ బండిలో ఉన్నవి కర్ర, ఇనుము మాత్రమే. వాటికి ఏ నూనె పూసినా జారుడు వస్తుంది. ఒక నూనె బదులు మరొకటి పూస్తే వచ్చే నష్టం తక్కువ. మహా అయితే త్వరగా ఆరిపోతుంది, మళ్ళీ పూసుకోవాలి.

వందల ఏళ్ళ ఈ అలవాటే మన చేతులలో ఉండిపోయింది. కిర్రుమంటే నూనె వెయ్యి! తలుపు బందుకైనా, కుట్టుమిషనుకైనా, సైకిలు గొలుసుకైనా ఇదే సూత్రం. లోహం ఉన్నంతసేపూ ఆ సూత్రం పనిచేసింది. కాని రబ్బరు వచ్చిన తరువాత కథ మారింది. లోహం మీద నూనె పైపైనే ఉంటుంది. రబ్బరు అలా కాదు. దానికి పడని నూనె తగిలితే ఆ నూనెను అది తాగేస్తుంది!

శనగలు ఎందుకు ఉబ్బుతాయి?

రాత్రి నానబోసిన శనగలు తెల్లవారేసరికి ఉబ్బి ఉంటాయి. అవే శనగలను నీళ్ళలో కాకుండా నువ్వుల నూనెలో పోసి ఉంచండి. తెల్లవారినా ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. శనగలోని పిండిపదార్థానికీ, మాంసకృత్తులకూ నీటితో స్నేహం. నూనెతో లేదు. అందుచేత నీరు లోపలికి చొరబడగలిగింది, నూనె చొరబడలేకపోయింది.

మీరు పాఠంలో చదువుకున్నదే ఇది. ఒకే స్వభావం గల పదార్థాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. నీరు ధ్రువ పదార్థం. అంటే, దాని అణువులో ఒక కొనకు కొంచెం ధనావేశం, మరొక కొనకు కొంచెం రుణావేశం ఉంటుంది. ఉప్పు, పంచదార వంటివి దానిలో కరుగుతాయి. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజన్ ఆయిల్ అధ్రువ పదార్థాలు. అవి కార్బన్, హైడ్రోజన్‌లతో ఏర్పడిన హైడ్రోకార్బన్లు. వాటిలో మైనం, తారు కరుగుతాయి, ఉప్పు కరగదు.

మరి రబ్బరు సంగతి ఏమిటి? రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరు కూడా హైడ్రోకార్బనే! ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేలకొద్దీ దండలాగా గుచ్చుకుని ఏర్పడిన బృహదణువు అది. పెట్రోలియం నుంచి వచ్చిన నూనె ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే. బంధువు ఇంటికి బంధువు వచ్చినట్లు నూనె అణువులు రబ్బరులోకి తలుపు తట్టకుండానే చొరబడతాయి.

"అలాగయితే రబ్బరు నూనెలో కరిగిపోవాలి గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పచ్చి రబ్బరైతే నెమ్మదిగా కరిగిపోతుంది కూడా. కాని 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది గట్టి పడుతుందని కనిపెట్టాడు. గంధకం పరమాణువులు ఒక రబ్బరు దండను మరొక దండతో అక్కడక్కడ ముడివేస్తాయి. దండలన్నీ కలిసి ఒక పెద్ద వల అవుతుంది. మనం వాడే రబ్బరు వస్తువులు చాలావరకు ఇలా ముడిపడ్డవే. వలను నీళ్ళలో వేస్తే కరుగుతుందా? కరగదు. కాని దాని కన్నుల నిండా నీరు చేరుతుంది. అదే విధంగా ముడిపడ్డ రబ్బరు నూనెలో కరగకుండా, నూనెను తనలో నింపుకుని ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు మెత్తబడుతుంది, బలం తగ్గుతుంది, సులభంగా చిరుగుతుంది.

"రబ్బరు గట్టిపడిపోయింది, కాస్త నూనె రాస్తే మెత్తబడుతుంది" అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. మెత్తబడటం నిజమే. కాని అది ఆరోగ్యం కాదు, రోగం! ఒళ్ళంతా వాచిన మనిషిని చూసి "బాగా బలిశాడు" అనుకోవడం వంటిదే ఇది.

రబ్బరులో కులగోత్రాలు

మన చేతికి నల్లగా, మెత్తగా, సాగేదిగా కనబడితే చాలు, దాన్ని రబ్బరు అనేస్తాం. కాని ఆ నల్లని రూపం వెనుక వేరు వేరు పదార్థాలు ఉన్నాయి. చూడటానికి అన్నీ ఒకటే, గుణాలు వేరు.

ఇంజను నూనెకు తట్టుకునే రబ్బరు కావాలని శాస్త్రజ్ఞులు చాలాకాలం వెదికారు. 1930లలో జర్మనీలో నైట్రైల్ రబ్బరు తయారయింది. దీని దండలో అక్కడక్కడ కార్బన్, నైట్రోజన్ కలిసిన నైట్రైల్ సమూహాలు ఉంటాయి. ఇవి ధ్రువ స్వభావం కలవి. దానితో రబ్బరు నూనెకు పరాయిది అయిపోయింది. నూనె ఇక దానిలోకి సులభంగా చొరబడలేదు. మోటారు సైకిలు ఇంజను సీళ్ళు, ఫోర్కు సీళ్ళు సాధారణంగా ఈ నైట్రైల్ రబ్బరుతో చేసినవే. వాటికి ఇంజన్ ఆయిల్, ఫోర్కు ఆయిల్ చక్కగా సరిపోతాయి.

ఇంకొకటి ఇ.పి.డి.ఎం. అనే రబ్బరు. ఎథిలీన్, ప్రొపిలీన్ అనే వాయువులను ప్రధానంగా వాడి దీన్ని తయారుచేస్తారు. ఎండకు, ఆవిరికి, వేడికి బాగా నిలుస్తుంది. ఇది కూడా అధ్రువమైన హైడ్రోకార్బనే గనుక పెట్రోలియం నూనె తగిలితే బాగా ఉబ్బుతుంది. డిస్కు బ్రేకుల సీళ్ళకు ఎక్కువగా దీన్నే వాడతారు. బ్రేకులో ఉండే ద్రవం పెట్రోలియం నూనె కాదు గనుక అక్కడ దీనికి ఏ బాధా లేదు.

మూడోది సిలికోన్ రబ్బరు. దీనికీ ఒక తమాషా ఉంది. సిలికోన్ గ్రీజు చాలా రకాల రబ్బరులకు పడుతుంది. ఒక్క సిలికోన్ రబ్బరుకు మాత్రం పడదు! ఎందుకో చెప్పగలరా? పైన చెప్పిన సూత్రమే. ఆ రెండూ ఒకే జాతి. ఒకే జాతి వాటిని కలిపితే ఒకటి రెండోదాన్ని తాగేస్తుంది.

ఈ సూత్రం మోటారు సైకిళ్ళకే పరిమితం కాదు. సహజ రబ్బరుతో చేసిన చేతి తొడుగులు వేసుకునే వైద్యులు పెట్రోలియం జెల్లీ వంటి పదార్థాలు వాటికి తగలనివ్వరు. తగిలితే తొడుగు బలం తగ్గి చిరుగుతుంది. వర్క్‌షాపుకైనా, ఆసుపత్రికైనా రసాయనశాస్త్రం ఒక్కటే.

'బ్రేక్ ఆయిల్' ఆయిల్ కాదు

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరకు వద్దాం. మన ఊళ్ళలో డిస్కు బ్రేకులో పోసే ద్రవాన్ని 'బ్రేక్ ఆయిల్' అంటారు. కొట్లో అలాగే అడుగుతారు, అలాగే ఇస్తారు. కాని అది నూనె కాదు! డాట్ 3, డాట్ 4 అని సీసాల మీద రాసి ఉండే ఈ ద్రవాలు గ్లైకాల్ ఈథర్ల నుంచి తయారైనవి. ధ్రువ స్వభావం కలవి. ఇవి నీటిలో కలుస్తాయి, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి. నూనె నీటిలో కలవదని మీకు తెలుసు గదా! మరి నీటిలో కలిసేదాన్ని నూనె అని ఎలా అంటాం?

పేరులో తప్పుంటే ఏమయిందని తేలికగా తీసుకోవద్దు. 'ఆయిల్' అన్న ఒక్క మాట కింద ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, ఫోర్కు ఆయిల్, చివరకు కిరసనాయిలు కూడా చేరిపోయాయి. పేరు ఒకటయితే పని కూడా ఒకటే అనుకోవడం మనిషి సహజ గుణం. 'బ్రేక్ ఆయిల్ తగ్గింది, ఏదో ఒక ఆయిల్ పోద్దాం' అన్న ఆలోచన అక్కడి నుంచే పుడుతుంది.

దాని ఫలితం అర్థం కావాలంటే డిస్కు బ్రేకు పనిచేసే తీరు తెలియాలి. మీరు లివరు నొక్కితే ద్రవం ఒత్తిడి ఒక పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. పిస్టన్ బ్రేకు ప్యాడును డిస్కుకు అదుముతుంది. చక్రం ఆగుతుంది. మరి లివరు వదలగానే పిస్టన్‌ను వెనక్కి లాగేది ఎవరు? అక్కడ ఏ స్ప్రింగూ లేదు. ఆ పని చేసేది సీలే! పిస్టన్ ముందుకు కదిలినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న రబ్బరు సీలు కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే తన స్థితిస్థాపకత వల్ల మళ్ళీ నిటారుగా అవుతుంది. అవుతూ పిస్టన్‌ను తనతో వెనక్కి తీసుకుపోతుంది. ఆ కదలిక మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. చక్రం స్వేచ్ఛగా తిరగడానికి అంతే చాలు.

ఇప్పుడు ఆ సీలు నూనె తాగి ఉబ్బిందనుకోండి. గాడిలో పట్టక పిస్టన్‌ను బిగించి పట్టుకుంటుంది. మెత్తబడి వెనక్కి లాగే శక్తి కోల్పోతుంది. లివరు వదిలినా ప్యాడు డిస్కును వదలదు. రాసుకుని వేడెక్కుతుంది. పైన లివరు దగ్గర ఉండే మాస్టర్ సిలిండరులోనూ ఇలాగే జరుగుతుంది. అక్కడ ద్రవం తిరిగి డబ్బీలోకి పోయేందుకు సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. ఉబ్బిన రబ్బరు ఆ రంధ్రాన్ని మూసివేస్తే, లోపల ఒత్తిడి దిగే దారి ఉండదు. బ్రేకు తనంతట తానే పట్టుకుపోతుంది. కొన్నాళ్ళకు సీలు చిరిగి ద్రవం కారిపోతే అసలు బ్రేకే పడదు. వెనక్కు రాని బ్రేకు, పడని బ్రేకు - రెండూ ప్రాణాల మీదకు తెచ్చేవే.

పది రోజుల తరువాత వచ్చే జవాబు

మా ఊళ్ళో ఒక మెకానిక్కు ఉన్నాడు. నా దగ్గర పదో తరగతి చదువుకున్నవాడే. పనిమంతుడు. ఒకనాడు నన్ను పిలిచి, "మాస్టారూ, ఇది చూడండి" అని రెండు సీళ్ళు చేతిలో పెట్టాడు. ఒకటి కొత్తది, రెండోది పాలు పోసే ఆయన బండి ముందు బ్రేకులో నుంచి తీసినది. రెండూ ఒకే కొలతవి కావాలి. పాతది లావుగా, జిగటగా ఉంది. గాడిలో పెడితే సగం బయటే ఉండిపోతోంది.

"దీనికి ఏం పూశావురా?" అని అడిగాను.

"ఏం లేదు మాస్టారూ. పిస్టన్ జారుడుగా పోవాలని కాస్త మామూలు గ్రీజు పూశాను. ముందు చాలా బాగా పనిచేసింది. పది రోజుల తరువాత చక్రం పట్టేస్తోందని ఆయన మళ్ళీ తెచ్చాడు."

అదృష్టం బాగుండి ఆయన బండి మెల్లగా నడిపేవాడు గనుక ఏ ప్రమాదమూ జరగలేదు. కాని ఆ అబ్బాయి మాటల్లో గమనించవలసినది ఒకటి ఉంది. 'ముందు చాలా బాగా పనిచేసింది' అన్నాడే, అది!

పెద్దవాళ్ళు తరచుగా "అనుభవమే గురువు" అంటారు. నేనూ కాదనను. చెయ్యి కాలితే వెంటనే తెలుస్తుంది గనుక నిప్పు సంగతి అనుభవం నేర్పుతుంది. కాని తప్పు ఇవాళ జరిగి, ఫలితం పది రోజుల తరువాత కనబడితే అనుభవం ఏమి నేర్పుతుంది? బండి బయటకు పోయేటప్పుడు బాగానే ఉంది. పాడైనప్పుడు అది మెకానిక్కు కళ్ళ ముందు లేదు. ఒకవేళ తిరిగి వచ్చినా "సీలు నాసిరకం" అనుకుని కొత్తది వేసి, దానికీ అదే గ్రీజు పూస్తాడు. ఇలా ఇరవై ఏళ్ళు చేసినవాడు "నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏమీ కాలేదు" అని నిజాయితీగానే చెబుతాడు. కారణానికీ, ఫలితానికీ మధ్య దూరం ఎక్కువైన చోట ఉత్త అనుభవం చాలదు. అక్కడ ప్రయోగం కావాలి, లెక్కలు రాసిపెట్టుకోవడం కావాలి, కారణం తెలిసి ఉండటం కావాలి. దీన్నే మనం విజ్ఞానశాస్త్రం అంటాం.

ఇందులో మెకానిక్కును నిందించి లాభం లేదు. అతనికి ఎవరు చెప్పారు? తీగలతో పనిచేసే డ్రమ్ము బ్రేకుల కాలంలో అతని గురువు పని నేర్చుకున్నాడు. ఆ బ్రేకులో ద్రవమూ లేదు, సీలూ లేదు. తిరిగే ఇరుసులకు గ్రీజు పూయడమే సరైన పని. 1969లో జపాను కంపెనీ హోండా తన సి.బి. 750 బండికి ముందు డిస్కు బ్రేకు పెట్టి పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సి.సి.లకు మించిన కొత్త మోటారు సైకిళ్ళన్నిటికీ ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. అది ద్రవంతో పనిచేసే బ్రేకులకు అమర్చేదే. అంటే పల్లెటూరి వర్క్‌షాపు దాకా ఇటువంటి బ్రేకులు వచ్చేశాయి. బ్రేకు మారింది, అలవాటు మారలేదు. సీసా మీద హెచ్చరికలు ఉన్నాయి, నిజమే. కాని అవి చిన్న అక్షరాలలో, ఇంగ్లీషులో ఉన్నాయి. బ్రేకు వంటి ప్రాణావసరమైన వస్తువు మీద హెచ్చరిక తెలుగులో కూడా ఉండాలని మనం అడగవద్దా?

ఇక బడి సంగతి. ధ్రువ, అధ్రువ పదార్థాలు అన్న పాఠం చెబుతాం. ఉప్పు, నీరు, నూనె ఉదాహరణలు ఇచ్చి పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న వేస్తాం. ఆ అబ్బాయికి ఆ ప్రశ్నలో మార్కులు వచ్చే ఉంటాయి. కాని అదే సూత్రం తన చేతిలోని గ్రీజు డబ్బాలో ఉందని అతనికి తట్టలేదు. తరగతి గదికీ వర్క్‌షాపుకూ మధ్య ఉన్న ఈ గోడ పడిపోవాలి. పాఠం చెప్పేటప్పుడు ఉప్పుతోపాటు ఒక సీలు ముక్క కూడా బల్ల మీద పెట్టాలి.

మీరే చేసి చూడండి

నా మాట ఊరికే నమ్మకండి. ఒకే ప్యాకెట్టులోని రబ్బరు బ్యాండ్లు ఐదు తీసుకోండి. ఇవి సాధారణంగా సహజ రబ్బరుతో చేసినవి. ఒక్కొక్కదాన్ని ఒకచోట కత్తిరించి, లాగకుండా స్కేలు మీద పరచి పొడవు రాసుకోండి. ఐదు చిన్న గాజు సీసాలు తీసుకుని ఒకదానిలో నీరు, ఒకదానిలో ఆముదం, ఒకదానిలో కొబ్బరినూనె, ఒకదానిలో కొత్త ఇంజన్ ఆయిల్ పోయండి. ఐదోది ఖాళీగా ఉంచండి. పోల్చి చూడటానికి అది కావాలి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క బ్యాండు వేసి మూతపెట్టి, మీద పేరు రాసిన కాగితం అంటించండి. రోజూ ఒకే వేళకు తీసి, గుడ్డతో అద్ది, పొడవు కొలిచి, వారం రోజులు పట్టికలో రాయండి. వారం తరువాత మెల్లగా లాగి ఏది సులభంగా తెగుతుందో కూడా చూడండి. వాడిన ఇంజన్ ఆయిల్ ముట్టుకోవద్దు. పెట్రోలు దగ్గరకు అసలే వద్దు.

పొడవు కొంచెమే పెరిగిందని చప్పరించేయకండి. పొడవు పదో వంతు పెరిగితే వెడల్పు, మందం కూడా అలాగే పెరుగుతాయి. 1.1 × 1.1 × 1.1 = 1.331. అంటే ఘనపరిమాణం దాదాపు మూడో వంతు పెరిగిందన్నమాట! ఇరుకైన గాడిలో ఉన్న సీలుకు అది ఎంత పెద్ద పెరుగుదలో ఆలోచించండి.

ఏ సీసాలోది ఎక్కువ ఉబ్బుతుందో నేను చెప్పను. ఆముదం సీసాను మాత్రం ప్రత్యేకంగా గమనించండి. ఆముదంలో రిసినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. దాని అణువులో మిగతా నూనెలలో లేని హైడ్రాక్సిల్ సమూహం ఒకటి ఉంది. అందువల్ల ఆముదానికి ధ్రువ స్వభావం ఎక్కువ. ఆల్కహాలులో కూడా కలుస్తుంది. సహజ రబ్బరుకు అంతగా హాని చేయదు. తొలి రోజులలో బ్రేకు ద్రవాలను ఆముదం, ఆల్కహాలు కలిపి తయారుచేయడానికి కారణం ఇదే. ఈనాటికీ బ్రేకు రబ్బరులకు పూసే ఎర్రటి 'రెడ్ రబ్బర్ గ్రీజు' ఆముదంతో చేసేదే. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల మెట్ట చేలలో పండే ఆముదాలు ఎంత దూరం ప్రయాణించాయో చూశారా! ఎడ్లబండి ఇరుసు నుంచి డిస్కు బ్రేకు సీలు దాకా!

గుర్తుంచుకోవలసినవి

ఈ విషయాలు మీ ఇంట్లో పెద్దలకు, మీకు తెలిసిన మెకానిక్కుకు చెప్పండి.

1. రబ్బరు సీలుకు ఏది పూయాలో తెలియకపోతే, అది ఏ ద్రవంలో పనిచేయబోతోందో ఆ ద్రవమే పూయడం మేలు. ఫోర్కు సీలుకు ఫోర్కు ఆయిల్, ఇంజను సీలుకు ఇంజన్ ఆయిల్, బ్రేకు సీలుకు కొత్త బ్రేకు ద్రవం.

2. బ్రేకు రబ్బరులకు పెట్రోలియం నూనె, మామూలు గ్రీజు, పెట్రోలు, కిరసనాయిలు తగలకూడదు. అదే విధంగా నైట్రైల్ సీళ్ళకు బ్రేకు ద్రవం పూయకూడదు. ఒకరికి మందు మరొకరికి విషం.

3. బ్రేకు ద్రవం డబ్బీ మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. రాసి ఉన్నదే పోయాలి. డాట్ 5 అనేది సిలికోన్ ద్రవం. అంకె పెద్దదని దాన్ని వీటిలో కలపకూడదు. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసాలోని ద్రవం తేమ పీల్చుకుని ఉంటుంది గనుక వాడకూడదు.

4. కొన్ని బండ్ల గొలుసు లింకుల మధ్య సన్నని ఓ రింగులు ఉంటాయి. అటువంటి గొలుసును పెట్రోలుతో కడగకూడదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏది వాడమన్నారో అదే వాడాలి.

5. మీరు మాత్రం బ్రేకులు విప్పకండి. అది తెలిసిన పెద్దలు చేయవలసిన పని. బ్రేకు ద్రవం విషం. కంటిలో పడితే ప్రమాదం, బండి మీద పడితే రంగు పోతుంది.

ఇక ఆరోదాన్ని నియమం అనను, కోరిక అంటాను. ఈనాటి నుంచి 'బ్రేక్ ఆయిల్' అనడం మానేసి 'బ్రేకు ద్రవం' అనండి. ఎవరైనా "ఆయిల్ కాదా?" అని అడిగితే మంచిదే. రబ్బరు ఎందుకు ఉబ్బుతుందో చెప్పడానికి మీకు అవకాశం దొరికినట్లే. మీ పట్టిక, వారం రోజులు నానిన ఆ ఐదు రబ్బరు బ్యాండ్లు తీసుకుపోయి మీ వీధి మెకానిక్కు ముందు పెట్టండి. పెద్దవాళ్ళు చిన్నపిల్లల మాట వినరంటారు గాని, కొలిచి చూపిస్తే వింటారు.